పారిశ్రామిక భద్రతా వృత్తులను యువతకు పరిచయం చేయడం ఎలా: విశాఖలోని ఉపాధ్యాయులకు, భద్రతాధికారులకు ఒక మార్గదర్శి

విశాఖపట్నంలో పెరిగిన పిల్లలకు ఫ్యాక్టరీ అంటే ఏమిటో కొత్తగా చెప్పనక్కరలేదు. గాజువాక, మల్కాపురం, కూర్మన్నపాలెం, పరవాడ ప్రాంతాలలో ఏ వీధికి వెళ్లినా తెల్లవారకముందే ఎ షిఫ్టుకు బయలుదేరేవారూ, సి షిఫ్టు ముగించుకొని వచ్చి పగలంతా నిద్రపోయేవారూ కనిపిస్తారు. ఓడరేవు, నౌకా నిర్మాణ కేంద్రం, చమురు శుద్ధి కర్మాగారం, ఉక్కు కర్మాగారం, ఫార్మా సిటీ ఇంత దగ్గర దగ్గరగా ఉన్న నగరం మనది. అయినా పదో తరగతి గదిలో నిలబడి ఏమి కావాలనుకుంటున్నారని అడిగితే సాఫ్ట్‌వేర్, డాక్టర్, నేవీ, పోలీసు అనే జవాబులు వస్తాయి గానీ, పనిచేసే మనుషులకు దెబ్బ తగలకుండా, జబ్బు రాకుండా చూసే ఉద్యోగం చేస్తానని చెప్పిన విద్యార్థి నాకు ఇంతవరకు ఎదురుపడలేదు. వారికి ఆసక్తి లేక కాదు, అలాంటి వృత్తి ఒకటి ఉందని ఎవరూ చెప్పకపోవడమే దీనికి కారణం.

ఇరవై ఏళ్లకు పైగా భద్రతా విభాగంలో పనిచేసి, ఇప్పుడు పాఠశాలలకూ పాలిటెక్నిక్ కళాశాలలకూ వెళ్లి ఈ వృత్తి గురించి చెబుతున్నాను. అలా చెప్పదలచుకున్న ఉపాధ్యాయులకూ, పాఠశాలలు పిలిస్తే వెళ్లి ఏం మాట్లాడాలో తెలియక ఇబ్బంది పడే భద్రతాధికారులకూ ఉపయోగపడాలని ఇది రాస్తున్నాను. కోర్సుల పేర్లు, ఉద్యోగాల జాబితాలు చివరికి ఉంచండి. ఆపదను అది రాకముందే గుర్తుపట్టే చూపే ఈ వృత్తికి మూలం. ఆ చూపు తనకూ ఉందని విద్యార్థి ముందుగా తెలుసుకోవాలి. అది తెలిసిన పిల్లలు కోర్సుల గురించి తామే అడుగుతారు. అది తెలియని పిల్లలకు ఎన్ని కోర్సుల పేర్లు చెప్పినా రాసుకొని మరచిపోతారు.

ఎవరికి, ఎప్పుడు

తొమ్మిదో తరగతి నుంచి పాలిటెక్నిక్ రెండో సంవత్సరం వరకు ఉన్నవారు దీనికి తగినవారు. జాతీయ భద్రతా మండలి 1966 మార్చి 4న ఏర్పడింది గనుక ఏటా ఆ తేదీన జాతీయ భద్రతా దినోత్సవం జరుపుతారు, కర్మాగారాలు వారం పాటు కార్యక్రమాలు నిర్వహిస్తాయి. అందువల్ల పాఠశాలల వారికి కూడా మార్చి నెలే అనుకూలమనిపిస్తుంది. కానీ పదో తరగతికీ ఇంటర్మీడియట్‌కూ అది పరీక్షల కాలం, పిల్లల మనసు మన మాటల మీద నిలవదు. ఏప్రిల్ 28న వచ్చే ప్రపంచ పని భద్రతా దినోత్సవం నాటికి చాలా పాఠశాలలకు సెలవులు ఇచ్చేస్తారు. నా అనుభవంలో జులై, ఆగస్టు నెలలు అన్నిటికంటే మంచివి. పాలిసెట్ రాయబోయే పదో తరగతి వారికి మాత్రం జనవరిలో మరొకసారి గంటసేపు కూర్చొని చదువు దారుల గురించి మాత్రమే మాట్లాడండి.

ఒక్క ఉపన్యాసంతో ఇది జరగదు. వారానికి ఒక గంట చొప్పున ఐదారు వారాలు దొరికేలా ప్రధానోపాధ్యాయులను ముందే ఒప్పించండి. తరగతికి ముప్పై మంది దాటితే రెండు జట్లుగా చేయండి.

ప్రమాదాల ఫొటోలతో మొదలుపెట్టవద్దు

నేను మొదటిసారి వెళ్లినప్పుడు చేసిన తప్పు మీరు చేయకూడదని ఇది చెబుతున్నాను. కర్మాగారంలో కొత్త కార్మికులకు శిక్షణ ఇచ్చేటప్పుడు చూపే చిత్రాలనే తీసుకువెళ్లి, యంత్రాలలో నలిగిన చేతులను, ఎత్తు నుంచి పడిపోయినవారిని తెర మీద చూపించాను. నాలుగో చిత్రం దగ్గర ఒక అమ్మాయి లేచి బయటికి వెళ్లిపోయింది. ఆమె తండ్రి రెండేళ్ల క్రితం పనిచేసే చోటే చనిపోయారని ఆ తరువాత టీచరు చెప్పారు. నేను ఆ అమ్మాయి దగ్గరికి వెళ్లి క్షమించమని అడిగాను. ఆమె ఏమీ అనలేదు, తల వంచుకొని నిలబడింది. ఇప్పటికీ ఏ తరగతి గదిలో అడుగుపెట్టినా ఆమె నాకు గుర్తుకు వస్తుంది.

మన ఊళ్లో ఏ తరగతిలోనైనా అలాంటి ఇల్లు ఒకటైనా ఉంటుందనుకొని వెళ్లండి. మొదటి రోజుకు ముందే క్లాస్ టీచరుతో మాట్లాడి, ఇంట్లో ఎవరైనా పనిలో గాయపడినవారు, చనిపోయినవారు, గ్యాస్ లీకుల వల్ల ఆసుపత్రి పాలైనవారు ఉన్నారా అని తెలుసుకోండి. ఉంటే ఆ పిల్లలతో విడిగా మాట్లాడి, ఏయే విషయాలు వస్తాయో ముందే చెప్పి, కూర్చోవాలో వద్దో వారి ఇష్టానికే వదిలేయండి. భయపెట్టే చిత్రాల వల్ల మరొక నష్టం కూడా ఉంది. వాటిని చూసిన పిల్లలు ఫ్యాక్టరీకి దూరంగా ఉండాలనుకుంటారు తప్ప, అక్కడికి వెళ్లి దాన్ని సరిదిద్దాలని అనుకోరు.

మొదటి వారం: ఇంటి నుంచే మొదలుపెట్టండి

బల్ల మీద ఏ యంత్రమూ పెట్టకుండా, వంటింట్లోని గ్యాస్ బండ గురించి అడగండి. గ్యాస్ వాసన వస్తే ఏం చేస్తారని అడిగితే, లైటు వేసి చూస్తామని ఒకరైనా అంటారు. ఎందుకు వేయకూడదో వారితోనే చెప్పించండి. ఎల్పీజీకి సహజంగా ఘాటైన వాసన ఉండదనీ, లీకయితే తెలియడం కోసమే వాసన వచ్చే మెర్కాప్టాన్ అనే పదార్థాన్ని కొద్దిగా కలుపుతారనీ, ఆ గ్యాస్ గాలి కంటే బరువైనది గనుక పైకి పోకుండా నేల వెంబడి పాకుతుందనీ వివరించండి. వాసన కలపడమనేది ఎవరో ఒకరు ముందుచూపుతో చేసిన ఏర్పాటేనని ఆ గదిలో చాలామందికి అప్పుడే మొదటిసారి తడుతుంది. అలాంటి ఏర్పాట్లను ఆలోచించి చేయడమే ఈ ఉద్యోగమని అక్కడ ఒక్క వాక్యంలో చెప్పి ఆపండి.

తరువాత హజార్డ్, రిస్క్ అనే రెండు మాటలను విడదీయండి. పెద్ద పెద్ద ఉద్యోగులు కూడా వీటిని కలిపేస్తారు గనుక ఇక్కడ తొందరపడవద్దు. నేను ఆర్.కె. బీచ్‌ను ఉదాహరణగా తీసుకుంటాను. సముద్రం హజార్డ్, అంటే హాని చేయగల శక్తి దానిలో ఉంది. ఇసుకలో కూర్చొని మురీ మిక్స్చర్ తినేవాడికి దాని వల్ల రిస్క్ దాదాపు లేదు. మోకాలి లోతులో నిలబడినవాడికి కొంత ఉంది. ఈత రాకుండా, అలల లోపలి లాగుడు తెలియకుండా లోపలికి వెళ్లినవాడికి చాలా ఎక్కువ. సముద్రం అదే, మనిషి దానికి ఎంత దగ్గరగా వెళ్లాడు, ఎంతసేపు ఉన్నాడు, మధ్యలో అడ్డు ఏముంది అనేవే మారాయి. ఈ తేడా అర్థమైన విద్యార్థి ఆసిడ్ డ్రమ్మును చూసినా, క్రేన్‌ను చూసినా అదే ప్రశ్నలు వేసుకుంటాడు.

ఆ వారం ఇంటిపని ఇది. ఒక కాగితం మీద నాలుగు గడులు గీయించండి. మొదటి గడిలో ఇంట్లోనో వీధిలోనో హాని చేయగల వస్తువు లేదా పని, రెండో దానిలో ఎవరికి ఎలా హాని జరగవచ్చు, మూడో దానిలో ఇప్పటికే ఉన్న అడ్డు ఏమిటి, నాలుగో దానిలో ఆ అడ్డు చాలుతుందా లేదా అన్నది రాయమనండి. పిట్టగోడ లేని డాబా, తడి చేతులతో వేసే బోరు మోటారు స్విచ్, నాయనమ్మ వయసువారు జారే బాత్రూం, ఆటోనగర్‌లో నల్లద్దం లేకుండా వెల్డింగ్ చేసే కుర్రవాడు, ఇలాంటివి వస్తాయి. ఒక్కొక్కరు ఐదు చొప్పున రాస్తే చాలు. కర్మాగారాలలో ఏటా వందల పేజీలలో తయారుచేసే రిస్క్ అసెస్‌మెంట్‌కు రూపం ఇదేనని, అది రాసి తెచ్చిన తరువాత మాత్రమే చెప్పండి.

రెండో వారం: హెల్మెట్ చివరిదని ఒప్పించండి

రాసి తెచ్చిన వాటికి పరిష్కారాలు అడిగితే ప్రతి తరగతిలోనూ మొదట వచ్చే జవాబు హెల్మెట్, గ్లౌజులు, జాగ్రత్తగా ఉండడం. వారిని తప్పుపట్టకుండా ఒక చిన్న సమస్య ఇవ్వండి. డాబా మీద నీళ్ల ట్యాంకు నిండిందో లేదో చూడడానికి రోజూ ఎవరో ఒకరు నిచ్చెన ఎక్కుతారు, వారు పడకుండా ఏం చేయాలి?

నడుముకు తాడు కట్టుకోవాలని ఒకరు, రాత్రిపూట ఎక్కకూడదని మరొకరు, కింద ఒక మనిషి నిచ్చెన పట్టుకోవాలని ఇంకొకరు అంటారు. కాసేపటికి ఎవరో నిచ్చెనకు బదులు మెట్లూ, పట్టుకోవడానికి రెయిలింగూ కట్టాలంటారు. ఇంకా ఆగితే, వెనక బెంచీలో ఎవరో ఒకరు అసలు ఎక్కవలసిన అవసరం ఏముంది, ట్యాంకు నిండగానే మోటారు దానంతట అదే ఆగే ఏర్పాటు పెడితే సరిపోదా అంటారు. ఆ జవాబు కోసం ఎంతసేపైనా వేచి ఉండండి, మీరు మాత్రం అందించవద్దు. అది వచ్చాక బోర్డు మీద క్రమం రాయండి: ఆపదను తొలగించడం, తక్కువ ఆపద ఉన్నదానితో మార్చడం, యంత్రపరమైన అడ్డు కట్టడం, పని పద్ధతులూ నియమాలూ పెట్టడం, చివరగా మనిషి ఒంటి మీద రక్షణ సామగ్రి. ప్రపంచమంతటా భద్రతా నిపుణులు పాటించే వరుస ఇదే. హెల్మెట్ అవసరం లేదని దీని అర్థం కాదు. పై నాలుగూ తప్పినప్పుడు మిగిలే ఆఖరి అడ్డు అదేనని, దాన్ని మొదటి అడ్డుగా నమ్ముకున్నవారే ఎక్కువగా నష్టపోతారని చెప్పండి.

మూడో వారం: మన ఊరి సంఘటనలను చదివించండి

ఇది అన్నిటికంటే కష్టమైన వారం, అన్నిటికంటే విలువైనది కూడా. ఇక్కడ ఫొటోలు వద్దు, చనిపోయినవారి వివరాలు వద్దు. ఏం జరిగిందో, ఎందుకు జరిగిందో మాత్రమే మాట్లాడండి.

1997 సెప్టెంబర్ 14న మల్కాపురం దగ్గరి చమురు శుద్ధి కర్మాగారంలో ఎల్పీజీ లీకై, నేల వెంబడి వ్యాపించి అంటుకుంది. యాభై మందికి పైగా చనిపోయారు. మొదటి వారం వంటింటి గురించి చెప్పుకున్న ఆ గ్యాస్ గుణమే ఇక్కడ వేల రెట్లు పెద్ద పరిమాణంలో పనిచేసిందని పిల్లలు తామే పోల్చుకుంటారు.

తరువాత 2020 మే 7. గోపాలపట్నం దగ్గరి ఆర్.ఆర్. వెంకటాపురంలో తెల్లవారుజామున నిద్రలో ఉన్నవారి మీదికి అక్కడి కర్మాగారపు ట్యాంకు నుంచి స్టైరీన్ ఆవిరి వచ్చింది. 12 మంది చనిపోయారు, వందల మంది ఆసుపత్రుల పాలయ్యారు. స్టైరీన్ ఒక ద్రవం. నిల్వ ఉన్నప్పుడు దాని అణువులు ఒకదానితో ఒకటి గొలుసులా అతుక్కోవడం దాని స్వభావం, అలా అతుక్కునేటప్పుడు వేడి పుడుతుంది, పుట్టిన వేడి ఆ అతుకుడును ఇంకా వేగవంతం చేస్తుంది. అందుకే దాన్ని ఎప్పుడూ చల్లగా ఉంచాలి, అతుక్కోకుండా ఆపే రసాయనం తగినంత కలపాలి, ట్యాంకులో ద్రవం అంతటా కలిసేలా తిప్పుతూ ఉండాలి. లాక్‌డౌన్ కాలంలో ప్లాంటు ఆగి ఉన్నప్పుడు ఆ ట్యాంకులో ఈ ఏర్పాట్లు సరిగా జరగలేదనీ, ఉష్ణోగ్రతను ట్యాంకు అడుగున మాత్రమే కొలిచేవారు గనుక పైభాగంలో పెరిగిన వేడి తెలియలేదనీ, హెచ్చరిక సైరన్లు ఉన్నా మోగించలేదనీ ప్రభుత్వం నియమించిన ఉన్నతస్థాయి కమిటీ తేల్చింది.

ఇంతవరకు చెప్పి, ఈ ప్రమాదాన్ని ఎన్ని చోట్ల ఆపి ఉండవచ్చో లెక్కపెట్టమనండి. రసాయనం తగ్గిందని గమనించి ఉంటే, ట్యాంకు పైభాగంలోనూ ఉష్ణోగ్రత కొలిచి ఉంటే, చల్లబరిచే యంత్రాన్ని రాత్రింబవళ్లు నడిపి ఉంటే, సైరన్ మోగి ఉంటే, ఏ దిక్కుకు పరుగెత్తాలో ఊరివారికి ముందే నేర్పి ఉంటే. పిల్లలు చెప్పే ప్రతి జవాబును బోర్డు మీద రాసి, దాని పక్కన ఖాళీ వదలండి. గాలి ఎటు వీస్తుందో చూసి దానికి అడ్డంగా వెళ్లాలన్న మాట కూడా ఇక్కడే నేర్పండి. ఏ వృత్తిలోకి వెళ్లినా, ఈ నగరంలో ఉండేవారికి అది తెలిసి ఉండాలి.

మన చట్టం ఎలా మారుతూ వచ్చిందో కూడా ఈ సందర్భంలోనే రెండు మాటలు చెప్పవచ్చు. 1984 డిసెంబరు 2, 3 తేదీల మధ్య రాత్రి భోపాల్‌లో జరిగిన విషవాయు ప్రమాదం తరువాత, 1948 నాటి ఫ్యాక్టరీల చట్టాన్ని 1987లో సవరించి ప్రమాదకర ప్రక్రియలపై ఒక ప్రత్యేక అధ్యాయం చేర్చారు. తాము వాడే రసాయనాల వల్ల కలిగే హాని గురించి కార్మికులకూ, చుట్టుపక్కల ప్రజలకూ తెలియజేయవలసిన బాధ్యత యాజమాన్యం మీద పడింది అప్పుడే.

నాలుగో వారం: ఆ ఖాళీలలో ఉద్యోగాలు రాయించండి

గత వారం బోర్డు మీది జవాబులను మళ్లీ రాసి, ఒక్కొక్క దాని పక్కన ఆ పని చేసే ఉద్యోగం పేరు రాయండి. ట్యాంకు ఎలా కట్టాలి, ఎక్కడెక్కడ కొలవాలి అని నిర్ణయించేవారు ప్రాసెస్ సేఫ్టీ ఇంజనీర్లు. వీరిలో ఎక్కువమంది కెమికల్ ఇంజనీరింగ్ చదివినవారు. రోజూ యంత్రాలు నడిచే చోట తిరిగి పర్మిట్లు, అంటే ఆపద ఉన్న పనులకు ఇచ్చే రాతపూర్వక అనుమతులు చూసేవారు సేఫ్టీ ఆఫీసర్లు. అగ్నిమాపక, అత్యవసర బృందాలు వేరు. బయటి నుంచి వచ్చి తనిఖీ చేసేవారు ప్రభుత్వ ఫ్యాక్టరీల శాఖ ఇన్‌స్పెక్టర్లు. కార్మికుల ఆరోగ్యాన్ని ఏళ్ల తరబడి గమనించేవారు ఫ్యాక్టరీ డాక్టర్లు, నర్సులు. నిర్మాణ స్థలాల్లో సేఫ్టీ స్టీవర్డులు (భద్రతాధికారికి సహాయకులు) ఉంటారు, ఐటీఐ చదివి పని అనుభవం ఉన్న చాలామంది ఆ మెట్టు నుంచే మొదలవుతారు.

వీరిలో ఇండస్ట్రియల్ హైజినిస్ట్ అనే ఉద్యోగం గురించి కొంచెం ఎక్కువసేపు చెప్పండి, ఎందుకంటే దాని పేరే ఎవరూ విని ఉండరు. ప్రమాదం ఒక్క క్షణంలో జరుగుతుంది. జబ్బు మాత్రం పదేళ్లు, ఇరవై ఏళ్లు పట్టి వస్తుంది, వచ్చేసరికి ఆ మనిషి రిటైర్ కూడా అయిపోయి ఉంటాడు. రాతిపొడి పీల్చినవారికి వచ్చే సిలికోసిస్, చప్పుడు వల్ల మెల్లగా పోయే వినికిడి ఇలాంటివే. ఆ దుమ్మునూ, చప్పుడునూ, వేడినీ, ఆవిరినీ కొలిచి, అవి హద్దు దాటకుండా చూడడమే ఈ నిపుణుల పని. ఎనిమిది గంటల పనికి మన ఫ్యాక్టరీ నియమాలలో చప్పుడు హద్దు 90 డెసిబెల్స్. సెల్‌ఫోనులో చప్పుడు కొలిచే యాప్ వేయించి, కచ్చితమైన కొలత కాదని ముందే చెప్పి, స్కూలు గంట దగ్గర, ఆటోనగర్ రేకుల షెడ్డు బయట, కంచరపాలెం జంక్షన్‌లో కొలిచి రమ్మనండి. అంకెలు చూసి వారు ఆశ్చర్యపోతారు. మన తీరప్రాంతపు ఉక్కపోత గురించి కూడా అడగండి. ఉష్ణోగ్రత అంకె ఒక్కటే అయినా, గాలిలో తేమ ఎక్కువగా ఉన్న చోట చెమట ఆరక శరీరం చల్లబడదు గనుక, వేడి పనిలో ఉన్నవారికి ఇక్కడ విరామాలు ఎక్కువ అవసరమవుతాయి.

ఇంకొక ఉదాహరణ ఫిషింగ్ హార్బర్ పిల్లలకు వెంటనే అర్థమవుతుంది. మరబోటులో చేపలు నిల్వచేసే అడుగు గదిలో చేపలు కుళ్లితే అక్కడి ఆక్సిజన్ తగ్గిపోతుంది, హైడ్రోజన్ సల్ఫైడ్ పుడుతుంది. కుళ్లిన గుడ్డు వాసన వచ్చే ఆ వాయువు మోతాదు పెరిగినప్పుడు ముక్కు ఆ వాసనను పట్టలేని స్థితికి చేరుతుంది. వాసన పోయింది గదా అని దిగినవాడు పడిపోతాడు, అతన్ని లాగడానికి దిగిన రెండోవాడూ పడిపోతాడు. మామూలు గాలిలో 20.9 శాతం ఉండే ఆక్సిజన్ 19.5 శాతం కంటే తగ్గితే మూసుకుపోయిన చోట్లలోకి దిగకూడదన్నది నియమం. దాన్ని తెలుసుకోవడానికి ముక్కు కాదు, మీటరు కావాలి. ఓడల గదులలో, సెప్టిక్ ట్యాంకులలో, ఫ్యాక్టరీ వెసెల్స్‌లో కూడా విషయం ఇదే.

ఐదో వారం: కర్మాగారాన్ని చూపించండి

ఉత్తరం కనీసం నెల ముందు ఇవ్వండి. హెచ్.ఆర్. విభాగానికే కాక భద్రతా విభాగాధిపతికి కూడా ప్రతి పంపండి, చాలాసార్లు ఒప్పించేది ఆయనే. ఉత్తరంలో పిల్లల సంఖ్య, వయసులు, వెంట వచ్చే ఉపాధ్యాయులు, చూడదలచిన విభాగాలు స్పష్టంగా రాయండి. ప్రమాదకర ప్రక్రియలు నడిచే చోటికి పద్దెనిమిదేళ్లు నిండనివారిని తీసుకువెళ్లమని అడగవద్దు, వారు ఒప్పుకున్నా మీరు ఒప్పుకోవద్దు. శిక్షణ కేంద్రం, ఫైర్ స్టేషన్, వైద్య కేంద్రం, కంట్రోల్ రూము చాలు. పెద్ద కర్మాగారాలలో ఎత్తున పనిచేసే శిక్షణకు నిలబెట్టిన స్కాఫోల్డింగు, హార్నెస్ (పడకుండా ఒంటికి కట్టుకునే పట్టీలు) వేసుకొని వేలాడి చూసే ఏర్పాటు ఉంటాయి. గంట ఉపన్యాసం కంటే అక్కడ గడిపే పావుగంట పిల్లలకు ఎక్కువ గుర్తుంటుంది.

కాళ్లను పూర్తిగా కప్పే బూట్లు, నూలు దుస్తులు, ముడి వేసిన జడ, చున్నీ వేలాడకుండా కట్టుకోవడం ముందురోజే చెప్పండి. ఫోన్లు గేటు దగ్గరే ఇచ్చేయాలి. ఎందుకు ఇచ్చేయాలో పిల్లలతోనే సెక్యూరిటీ వారిని అడిగించండి. లోపలికి అడుగుపెట్టగానే గాలి ఎటు వీస్తుందో చూపే గుడ్డ గొట్టం, అంటే విండ్ సాక్ ఎక్కడుంది, ఆపద వేళ అందరూ చేరవలసిన అసెంబ్లీ పాయింట్ ఎక్కడుంది, సైరన్ మోగితే ఏం చేయాలి అనే మూడు ప్రశ్నలకు జవాబు కనుక్కోవడం వారి మొదటి పని. భద్రతాధికారి వెంట ఒక గంట నడిచే అవకాశం దొరికితే, ఆయన ఎవరితో ఏం మాట్లాడుతున్నారో గమనించమనండి. ఈ ఉద్యోగంలో సగం మనుషులతో మాట్లాడడమేనని వారికి అక్కడ తెలుస్తుంది.

చదువు దారులు: ఉన్నది ఉన్నట్లు చెప్పండి

ఇక్కడ మీరు చెప్పే మాట మీద ఒక కుటుంబం అప్పు చేసి డబ్బు కట్టవచ్చు. అందుకని జాగ్రత్తగా చెప్పండి.

కనీసం 1000 మంది పనిచేసే ఫ్యాక్టరీలలో భద్రతాధికారి ఉండాలని 1948 నాటి చట్టం చెప్పేది. 2025 నవంబర్ 21న అమలులోకి వచ్చిన వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ ఆ సంఖ్యను 500కూ, ప్రమాదకర ప్రక్రియలున్న ఫ్యాక్టరీలలోనూ నిర్మాణ పనులలోనూ 250కూ, గనులలో 100కూ కుదించింది. అంటే మధ్యతరహా పరిశ్రమలకు కూడా ఇప్పుడు ఈ ఉద్యోగులు కావాలి.

ఆ పదవికి మామూలుగా మూడు అర్హతలు అడుగుతారు. ఇంజనీరింగ్ డిగ్రీ లేదా డిప్లొమా, ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్ స్థాయి అనుభవం, రాష్ట్ర ప్రభుత్వం గుర్తించిన పారిశ్రామిక భద్రతా డిప్లొమా. డిగ్రీ వారికి రెండేళ్లు, డిప్లొమా వారికి ఐదేళ్ల అనుభవం అడగడం పరిపాటి. కేంద్ర కార్మిక శాఖ పరిధిలోని ముంబయి సెంట్రల్ లేబర్ ఇన్‌స్టిట్యూట్‌లోనూ, చెన్నై, కోల్‌కతా, కాన్పూర్, ఫరీదాబాద్ ప్రాంతీయ సంస్థలలోనూ అడ్వాన్స్‌డ్ డిప్లొమా ఇన్ ఇండస్ట్రియల్ సేఫ్టీ కోర్సు ఉంది. మనకు దగ్గరిది చెన్నై. కాబట్టి పదో తరగతి విద్యార్థికి నిజమైన దారి ఇలా ఉంటుంది: పాలిసెట్ రాసి మెకానికల్, ఎలక్ట్రికల్, కెమికల్ లేదా సివిల్ డిప్లొమా, వీలైతే ఈసెట్ ద్వారా బీటెక్ రెండో సంవత్సరంలో చేరిక, కొన్నేళ్లు ప్లాంటులో పని, ఆ తరువాత భద్రతా డిప్లొమా. నేరుగా ఈ శాస్త్రాన్నే డిగ్రీగా చదవాలనుకునేవారికి కొచ్చి శాస్త్ర సాంకేతిక విశ్వవిద్యాలయంలో సేఫ్టీ అండ్ ఫైర్ ఇంజనీరింగ్ బీటెక్ ఉంది. ప్రాసెస్ సేఫ్టీ వైపు వెళ్లదలచినవారు ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గానీ, జేఈఈ అడ్వాన్స్‌డ్ ద్వారా మన నగరంలోనే ఉన్న భారత పెట్రోలియం, ఇంధన సంస్థలో గానీ కెమికల్ ఇంజనీరింగ్ చదవవచ్చు. ఎంబీబీఎస్ చేసినవారికి ఏఎఫ్ఐహెచ్ అనే మూడు నెలల కోర్సు ఫ్యాక్టరీ వైద్యానికి దారి చూపుతుంది. అగ్నిమాపక వృత్తికి నాగ్‌పూర్‌లోని జాతీయ అగ్నిమాపక కళాశాల పేరున్న సంస్థ.

గాజువాక మెయిన్ రోడ్డు మీద బోర్డులు చూసి చాలామంది అడిగే ప్రశ్న నెబోష్ గురించి. అది బ్రిటన్ సంస్థ ఇచ్చే సర్టిఫికెట్. గల్ఫ్ దేశాల ఉద్యోగాలలో దానికి మంచి విలువ ఉంది. కానీ మన చట్టం ప్రకారం భద్రతాధికారి పదవికి కావలసిన డిప్లొమాకు అది బదులు కాదు. ఏ శిక్షణ కేంద్రంలో చేరేముందైనా సర్టిఫికెట్ ఎవరి పేరు మీద వస్తుంది, దాన్ని రాష్ట్ర ప్రభుత్వం గుర్తించిందా, గుర్తించిన ఉత్తర్వు చూపగలరా అని అడగమనండి. మూడు నెలల్లో సేఫ్టీ ఆఫీసర్ ఉద్యోగం గ్యారంటీ అనే చోట డబ్బు కట్టవద్దని తల్లిదండ్రులతో నేరుగా చెప్పండి.

ఆడపిల్లల తల్లిదండ్రులను విడిగా కలవండి. ఫ్యాక్టరీ మగవారి చోటు అన్న మాట మొదట వారి నుంచే వస్తుంది. ప్రాసెస్ సేఫ్టీ, ఇండస్ట్రియల్ హైజీన్, వృత్తి వైద్యం, శిక్షణ విభాగాలలో పనిచేస్తున్న మహిళలను ఒకరిద్దరినైనా తీసుకువచ్చి మాట్లాడించండి. రాత్రి షిఫ్టులు, రవాణా, క్యాంటీను గురించి ఆ తల్లులు అడిగే ప్రశ్నలకు వారు మాత్రమే సరైన జవాబు చెప్పగలరు.

చివరి వారం: మాట్లాడించండి, సంతకం పెట్టించండి

భద్రతాధికారికి కార్మికులలో ఎక్కువమంది మాట్లాడే భాష తెలిసి ఉండాలన్నది నియమాలలోనే ఉంది. మన పిల్లలకు ఇది పెద్ద బలం. షిఫ్టు మొదట్లో ఐదు నిమిషాలు చెప్పే టూల్ బాక్స్ టాక్‌ను ఒక్కొక్కరి చేత ఇంట్లో మాట్లాడే తెలుగులోనే రాయించి చెప్పించండి. శ్రీకాకుళం యాసలో చెప్పే పిల్లవాణ్ణి సరిదిద్దవద్దు, రేపు అతని మాట వినేవారిలో చాలామంది ఆ వైపు నుంచి వచ్చినవారే. ఒడియా, హిందీ వచ్చిన పిల్లలు ఉంటే ఆ భాషలలో కూడా చెప్పించండి. ఇక్కడి కాంట్రాక్టు పనులకు ఒడిశా, బీహార్, బెంగాల్ నుంచి వచ్చినవారు ఎంతోమంది.

తరువాత ఒక నాటిక. ట్యాంకులో వెల్డింగ్ చేయడానికి పర్మిట్ కావాలి. ఒకరు కాంట్రాక్టు సూపర్‌వైజర్, మరొకరు భద్రతాధికారి. మరమ్మతుల కోసం ప్లాంటును ఆపిన షట్‌డౌన్ గడువు సాయంత్రానికి ముగుస్తుంది, మనుషులు ఖాళీగా కూర్చున్నారు, నిన్న కూడా ఇదే పని చేశాం, ఏం కాదులే సార్, సంతకం పెట్టండి అని సూపర్‌వైజర్ పాత్రధారి తొందరపెడుతూ ఉండాలి. అధికారి పాత్రధారి కోప్పడకూడదు, ఉపన్యాసమివ్వకూడదు, ట్యాంకు దగ్గరికి నడిచి వెళ్లి గ్యాస్ రీడింగు, లోపలికి వచ్చే పైపులను మూసే పలక (బ్లైండు), బయట నిలబడే మనిషి, మంటలార్పే సిలిండరు చూసి రావాలి. మొదటిసారి దాదాపు అందరూ మొహమాటంతో సంతకం పెట్టేస్తారు. ఏమీ అనకుండా, పాత్రలు మార్చి మళ్లీ ఆడించండి. మూడోసారికి ఎవరో ఒకరు కలం జేబులో పెట్టుకొని, పదండి, చూసి వద్దాం అంటారు. ఆ విద్యార్థి పేరు, ఇంటివారి ఫోన్ నంబరు క్లాస్ టీచరు దగ్గర రాసి ఉంచమని చెప్పి, జనవరిలో పాలిసెట్ గురించి మాట్లాడడానికి వెళ్లినప్పుడు ముందుగా ఆ ఇంటివారినే పిలిపించండి.